ఫలక్‌నుమా: నూటొక్క కుర్చీల భోజనశాల

మన హాస్టల్లో భోజనాల గంట కొట్టగానే కంచం, గ్లాసు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లమే మనమంతా. అందుకేనేమో, హైదరాబాద్‌లోని ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది ఒకే బల్లకు కూర్చునే భోజనశాల చూసినప్పుడు నాకు ముందుగా ఆ వరసే గుర్తొచ్చింది. ఒకప్పటి నవాబు మేడ ఇప్పుడు హోటలెలా అయిందో తమ్ముళ్లకు చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఫలక్ అంటే ఆకాశం. ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దం వంటిదని చెబుతారు. చార్మినార్‌కు సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, గుట్ట మీద ఉంది. నిజాం నవాబు కట్టించాడని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. పైగా వంశానికి చెందిన నవాబ్ వికార్-ఉల్-ఉమ్రా 1884లో శంకుస్థాపన చేశాడు. తరువాత ఆయన హైదరాబాద్ రాజ్యానికి ప్రధానమంత్రి కూడా అయ్యాడు. ఇటలీ పాలరాయి, రంగుటద్దాల కిటికీలు, ఇంగ్లండులోని విండ్సర్ కోటలో ఉన్నదాని నమూనాలో చెక్కిన గ్రంథాలయం పైకప్పు, ఇలా దేనికీ వెనకాడలేదు. మేడ పూర్తయ్యేసరికి అంతటి నవాబూ అప్పులపాలయ్యాడు! 1897 ప్రాంతంలో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాన్ని తీసుకున్నాడు. 1911లో ఆయన కన్నుమూసింది కూడా అక్కడే. ఆ తరువాత అది ప్రభువుల అతిథిగృహంగా మిగిలింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు బస చేశాక చాలాకాలం తలుపులు మూతబడే ఉన్నాయి.

ఎందుకు మూతబడ్డాయి? ఇలాంటి మేడలు నిలిచేది గోడల బలంతో కాదు, పల్లెల నుంచి వచ్చే శిస్తుతో. 1948లో హైదరాబాద్ భారతదేశంలో కలిసింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1971లో మాజీ సంస్థానాధీశుల రాజభరణాలూ పోయాయి. మన కృష్ణా జిల్లా వైపు కూడా 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి కదా. శిస్తు ఆగాక దీపాలు తుడిచేవారికి జీతమెవరిస్తారు? అందుకే కొన్ని మేడలు కూలిపోయాయి, కొన్ని మ్యూజియంలయ్యాయి. నిజాంల చౌమహల్లా ప్యాలెస్ 2005 నుంచి టికెట్టు కొని చూసే మ్యూజియం. ఫలక్‌నుమాను తాజ్ హోటళ్లవారు తీసుకుని, దాదాపు పదేళ్లు మరమ్మతులు చేసి, 2010 నవంబరులో తెరిచారు. ఆ పనిని నిజాం కుటుంబపు కోడలు ఎస్రా గారు దగ్గరుండి చూసుకున్నారు.

భోజనశాలకు మళ్లీ వద్దాం. బల్ల పొడవు 108 అడుగులు. ఒక చివర మెల్లగా మాట్లాడినా రెండో చివర కూర్చున్నవారికి వినబడేలా ఆ గది కట్టారట. మన భోజనాల హాల్లో పక్కవాడు అరిచినా వినబడేది కాదు! ఒక్క సంగతి మాత్రం నన్ను వదల్లేదు. ఆ బల్లకు వడ్డించినవారి పేర్లు ఏ గోడ మీదా కనిపించలేదు. దీపాలెన్నో, కుర్చీలెన్నో లెక్క ఉంది, వంటవాళ్ల లెక్క మాత్రం లేదు.

హోటల్ అయినందుకు మేడ బతికింది, ఇది ఒప్పుకోవాలి. కానీ అక్కడ ఒక రాత్రి అద్దె మనలాంటి ఇళ్లలో నెలల జీతం. బస చేయనివారు ముందుగా బుక్ చేసుకుంటే తప్ప లోపలికి వెళ్లలేరు. గేటు దగ్గర నా చెప్పుల వంక నేనే రెండుసార్లు చూసుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు, అయినా చూసుకున్నాను. చౌమహల్లాలో ఆ బెరుకు కలగలేదు. పిల్లలు, ముసలివాళ్లు, బురఖాల ఆడవాళ్లు అందరూ తిరుగుతున్నారు. నన్నడిగితే ముందు చౌమహల్లా చూడండి, ఫలక్‌నుమా తరువాత.

హైదరాబాద్ దాకా వెళ్లలేని తమ్ముళ్లకు బందరు రోడ్డు మీదే బాపు మ్యూజియం ఉంది, పాత విక్టోరియా జూబ్లీ మ్యూజియం. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా చూపించింది అక్కడే. పటమట నుంచి సిటీ బస్సెక్కితే చాలు.