ఐస్‌లాండ్ చుట్టి రావాలనుకుంటున్నారా? కిలోమీటర్లు కాదు, రోజులు లెక్కేసుకోండి

మ్యాప్‌లో చూస్తే తేలిగ్గానే అనిపిస్తుంది. ఐస్‌లాండ్ చుట్టూ తిరిగే రింగ్ రోడ్డు పొడవు సుమారు 1,320 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లి రావడం కంటే తక్కువే. దీంతో చాలామంది నాలుగైదు రోజుల ప్లాన్ వేసుకుని, రద్దు చేసుకునే వీలు లేని రేటుకు హోటళ్లు బుక్ చేసేస్తారు. దారి మధ్యలో గాలివాన వచ్చి రోడ్డు మూసేస్తే ఆ డబ్బు పోయినట్టే.

ముందు వీసా సంగతి. ఐస్‌లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు, కానీ షెంగెన్‌లో ఉంది. కాబట్టి మనకు షెంగెన్ వీసా కావాలి. పెద్దలకు ఫీజు 90 యూరోలు, సర్వీస్ చార్జీ అదనం. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. గడువు 15 రోజుల ముందు వరకు ఉన్నా, అంతదాకా ఆగకండి. పారిస్‌లో విమానం మారినా, ఎక్కువ రోజులు ఐస్‌లాండ్‌లోనే ఉంటే దరఖాస్తు ఐస్‌లాండ్ వీసాకే చేయాలి.

ఎన్ని రోజులు కావాలి?

వేసవిలో మొత్తం చుట్టడానికి కనీసం ఎనిమిది రోజులు, వీలైతే పది పెట్టుకోండి. ఐదు రోజులే సెలవు దొరికితే చుట్టే ఆలోచన మానుకుని రేక్యవిక్, గోల్డెన్ సర్కిల్, దక్షిణ తీరం చూసి రావడం మేలు. ఆ తీరంలో మంచుగడ్డలు తేలే యోకుల్‌సార్లోన్ సరస్సు ఒక్కటే రాజధాని నుంచి 370 కిలోమీటర్లు. జూన్‌లో అర్ధరాత్రి దాటాక గానీ సూర్యుడు అస్తమించడు. డిసెంబరు చివర్లో పగటి వెలుతురు నాలుగు గంటలే. నార్తర్న్ లైట్స్ కోసం చలికాలంలో వెళ్లేవాళ్లు మంచు రోడ్లపై నడిపిన అనుభవం లేకపోతే స్టీరింగ్ పట్టకుండా టూర్ బస్సు ఎక్కడమే మంచిది.

కారు అద్దెకు తీసుకునేవాళ్లు ఇక్కడే ఆర్టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. అక్కడ వాహనాలు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి. పగలు కూడా హెడ్‌లైట్లు వేసి ఉంచాలి. ఊళ్లలో వేగ పరిమితి 50, బయట తారు రోడ్డుపై 90, కంకర రోడ్డుపై 80 కిలోమీటర్లు. ఒకే వరుస వంతెనలు చాలా ఉంటాయి, ముందు చేరినవారికి ముందు దారి. 'ఎఫ్' అక్షరంతో మొదలయ్యే కొండ రోడ్లపైకి ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటేనే వెళ్లాలి, అవి తెరిచేది వేసవిలోనే. ఇక గాలి. తలుపు తెరిచేటప్పుడు రెండు చేతులతో పట్టుకోండి. గాలికి తలుపు విరిగితే మామూలు ఇన్సూరెన్స్ సాధారణంగా వర్తించదు, ఇసుక తుపానుకు రంగు లేచిపోతే దానికీ అంతే.

రోజూ ఉదయం ఫోన్‌లో చూడాల్సినవి

వెదుర్ డాట్ ఐఎస్ అక్కడి వాతావరణ శాఖ సైట్. మన దగ్గరలాగే ఎల్లో, ఆరెంజ్, రెడ్ అలర్టులు ఇస్తుంది. ఆరెంజ్ కనిపిస్తే ఆ రోజు ప్రయాణం వాయిదా వేయండి. ఏ రోడ్డు తెరిచి ఉందో ఉమ్‌ఫెర్దిన్ డాట్ ఐఎస్ మ్యాప్‌లో తెలుస్తుంది. సేఫ్‌ట్రావెల్ డాట్ ఐఎస్‌లో మీ ప్రయాణ వివరాలు ముందే నమోదు చేసుకోవచ్చు. అత్యవసర నంబరు మన దగ్గరలాగే 112. వాళ్ల యాప్‌లో ఒక్క బటన్ నొక్కితే మీరున్న చోటు సహాయ సిబ్బందికి తెలిసిపోతుంది. వెతకడానికి వచ్చేవాళ్లలో చాలామంది జీతం లేని వాలంటీర్లు.

విక్ ఊరి దగ్గరి రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరంలో మాత్రం సెల్ఫీల కోసం నీళ్ల దగ్గరికి వెళ్లకండి. ప్రశాంతంగా ఉన్నట్టుండి పెద్ద అల వచ్చి మనుషుల్ని లాక్కుపోతుంది. ప్రాణాలు కోల్పోయినవాళ్లు ఉన్నారు. దారిలో హెచ్చరిక లైట్లుంటాయి. ఎర్ర లైటు వెలిగితే ఇసుకలోకి దిగొద్దు, పిల్లల చెయ్యి వదలొద్దు.