చేతిగడియారపు అద్దముపై నీరంటని పూత

తామరాకు మీది నీటిబొట్టు మన కవులకును వేదాంతులకును చిరపరిచితము. అంటియు నంటక యుండుట యెట్టిదో చెప్పవలసి వచ్చినప్పుడు మనవారు ఆ బొట్టునే చూపుచుందురు. ఆ గుణమును చేతిగడియారపు అద్దమునకు కల్పింప రసాయన శాస్త్రజ్ఞులు ప్రయత్నించి చాలవరకు కృతకృత్యులైరి. వానచినుకు పడినచో పూసవలె జారిపోవు అద్దములును, చెమటవ్రేలు తగిలినను మరక సులభముగా తుడుచుకొనిపోవు అద్దములును నేడు లభించుచున్నవి. ఇంటివద్దనే పూసికొనుటకు చిన్న సీసాలలో ద్రవములును దొరకుచున్నవి. ఈ పూత ఏమి చేయగలదు, ఏమి చేయజాలదు, దానిని వేయు విధమెట్టిది అను విషయములను నేడు ముచ్చటింతము.

ముందుగా మా తప్పు నొకదానిని మనవి చేయవలసి యున్నది. హిందూస్థాన్ మెషీన్ టూల్స్ సంస్థ 1961లో జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారముతో బెంగుళూరున చేతిగడియారముల తయారీ ప్రారంభించినది. ఆ సంస్థ గడియారము నొకదానిని మా తండ్రిగారు చాల ఏండ్లు ధరించిరి. వారి అనంతరము అది మా చేతికి వచ్చినది. దాని అద్దముపై నీరు నిలువకుండునను ఆశతో ఒకనాడు మోటారుకారు ముందరి అద్దమునకు పూయు ద్రవమును దానిపై రుద్దితిమి. మరునాటికి అద్దము నిండ సాలెగూటి దారముల వంటి సన్నని పగుళ్ళు కానవచ్చెను. అంకెలు మసకబారెను. తప్పు ద్రవముది కాదు. ప్లాస్టిక్కుపై వాడరాదని సీసామీద వ్రాసియే యున్నది. దానిని చదువక, మన చేతనున్న అద్దమేదో విచారింపక పూసిన తప్పు మాది. శ్రోతలు అట్టి తప్పు చేయకుండుటకే ఈ ప్రసంగము.

నీరు కొన్ని వస్తువులపై పలుచగా పరచుకొనును. కొన్నింటిపై బొట్టుగా నిలుచును. దీనికి కారణమేమి? నీటి అణువులు ఒకదానినొకటి ఆకర్షించుకొనుచుండును. తమను మోయుచున్న తలము తమ్ము అంతకన్న బలముగా ఆకర్షించినచో అవి దానిపై పరచుకొనును. అట్లు కానిచో తమలో తాము దగ్గరగా చేరి బొట్టు కట్టును. బొట్టు అంచు తలముతో చేయు కోణమును స్పర్శకోణమందురు. ఈ కోణమును గూర్చి ఆంగ్ల శాస్త్రజ్ఞుడు థామస్ యంగ్ 1805లోనే వివరించెను. పరిశుభ్రమైన గాజుపై నీటి స్పర్శకోణము ఇంచుమించు సున్న. అది 90 డిగ్రీలు దాటినచో ఆ తలము నీటిని ఒల్లదని అర్థము.

నీటికన్న నూనెను తొలగించుట కష్టము. నీటి తలతన్యతతో పోల్చినచో సామాన్యమైన నూనెల తలతన్యత సగము కూడ ఉండదు. కావున నూనె దాదాపు అన్ని తలముల మీదను ప్రాకును. మన వ్రేలిముద్ర అనగా చెమటయు, చర్మమునుండి వెలువడు జిడ్డును కలిసిన మరకయే. దీనిని వారించుటకు నూనెకన్నను తక్కువ ఆకర్షణగల తలము కావలెను. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనుకోకుండ కనుగొన్న టెఫ్లాన్ అట్టిది. ఫ్లోరిన్ అణువులు కర్బనమును చుట్టుముట్టి యున్నందున అది దేనిని తనకు అంటనీయదు. తరువాత 1950 దశకమున అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో విలియం జిస్మన్, ఆయన సహచరులు ఫ్లోరిన్ కలిసిన అణువులు ఒక్క వరుసగా నిలిచినను తలము స్వభావమంతయు మారిపోవునని చూపిరి. మందమైన పూత అవసరము లేదు. ఒక్క అణువు ఎత్తు చాలును.

గడియారపు పనివారికి ఈ సూత్రము కొత్తది కాదు. యంత్రములో వేసిన నూనెబొట్టు తన చోటు విడిచి ప్రాకిపోయినచో ఆ భాగము ఎండి అరిగిపోవును. అందుచేత భాగములకు ఎపిలామ్ అను అతి పలుచని పూత వేయుట వారి వాడుక. లోపల నూనెను ఒకచోట నిలుపుటకు ఉపయోగపడిన ఉపాయమే వెలుపల నూనెమరక అంటకుండుటకును పనికివచ్చినది.

అయినచో గడియారపు అద్దము తామరాకు అయినదా? కాలేదు. తామరాకు తలము నునుపుగా నుండదు. కంటికి కానరాని చిన్న చిన్న బొడిపెలు, వానిమీద మైనపు పొడి కలిసి నీటిని గాలిపై తేలియాడునట్లు నిలుపును. జర్మనీ దేశపు వృక్షశాస్త్రజ్ఞులు బార్ట్‌లాట్, నైన్‌హూయిస్ 1997లో ఈ సంగతిని విపులముగా ప్రకటించిరి. తామరాకుపై నీటి స్పర్శకోణము 150 డిగ్రీలు మించును. అద్దముపై అట్టి బొడిపెలు నిలిపినచో చొక్కా చేతి రాపిడికి అవి త్వరలోనే అరిగిపోవును. వెలుతురు చెదరి అద్దము మసకబారు ప్రమాదమును కలదు. నునుపైన తలముపై ఎంత మంచి పూత వేసినను కోణము సుమారు 120 డిగ్రీలకు మించదు. కావున వ్రేలిముద్ర అసలే పడదని ఆశింపరాదు. పడిన మరక పలుచగా పరచుకొనక, మెత్తని గుడ్డతో ఒక్కమారు తుడిచినంతనే పోవుటయే ఈ పూత ఫలము. వ్రేలు వేసినచోటనెల్ల మరక తడుముకొనుచు తుడువవలసిన అవస్థ తప్పును. తుడుపు తగ్గిన కొలది గీతలును తగ్గును.

ఈ పూత అవసరము నేడు పెరుగుటకు మరియొక కారణము కలదు. మంచి గడియారములకు నేడు వాడు నీలమణి అద్దము నిజముగా గాజు కాదు. మనవారు కురువిందమని పిలుచు పదార్థమే అది. దానిని జ్వాలలో కరగించి కృత్రిమముగా తయారుచేయు పద్ధతిని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఓగూస్ట్ వెర్నాయ్ 1902లో వెల్లడించెను. దాని కాఠిన్యము మోహ్స్ కొలమానమున 9, వజ్రము 10. కాని దానికొక లోపము. మామూలు గాజు ఒక్కొక్క ముఖమున నూటికి 4 పాళ్ళ వెలుతురును వెనుకకు త్రిప్పగా, నీలమణి నూటికి 7, 8 పాళ్ళు త్రిప్పును. ఎండలో ముళ్ళు కానరాక తళుకు మాత్రమే కనుపించును. ఈ తళుకును తగ్గించుటకు మరియొక పూత కలదు. 1938లో అమెరికాలో కేథరిన్ బ్లాడ్జెట్ గాజుపై 44 అణుపొరలను ఒకదానిపై నొకటి పేర్చి, తళుకు దాదాపు లేని గాజును చూపెను. ఆ పొరలు మెత్తనివి. నేడు గాలి తీసివేసిన పెట్టెలలో గట్టి పొరలను వేయుచున్నారు. ఇట్టి అద్దముపై వ్రేలిముద్ర పడినచో తళుకులేని చోట రంగుల మచ్చగా స్ఫుటముగా కానవచ్చును. అందుచేత దానిపై మరకలంటని పూత వేయుట ఆచారమైనది.

ఇక పూత వేయుటను గూర్చి చెప్పుకొందము. అన్నిటికన్న ముందు అద్దమేదో తెలియవలెను. గడియారపు అద్దములు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది యాక్రిలిక్ అను ప్లాస్టిక్కు. పాత గడియారములలో తరచుగా నుండునది ఇదియే. గోటితో తట్టినచో మెత్తని శబ్దము వచ్చును; తాకినచో గాజువలె చల్లగా నుండదు. రెండవది గట్టిపరచిన గాజు. మూడవది నీలమణి. సందేహమున్నచో గడియారములు బాగుచేయువారి నడుగుట మేలు. యాక్రిలిక్కుపై స్పిరిటు కలిసిన ద్రవము తగిలినచో సన్నని పగుళ్ళు పుట్టవచ్చును. కావున ప్లాస్టిక్కునకు తగినదని సీసాపై స్పష్టముగా వ్రాసియున్న ద్రవము తప్ప మరేదియు దానిపై వాడరాదు. దానిపై గీతలు పడినచో మెరుగుపెట్టు ముద్దతో రుద్ది పోగొట్టవచ్చును. అదియే దానికి తగిన సేవ.

గాజును, నీలమణియు నైనచో పని ఇట్లు సాగవలెను. మొదట మెత్తని కుంచెతో దుమ్మును దులుపవలెను. దుమ్ముండగా రుద్దినచో ఆ రేణువులే గీతలు గీయును. పిదప కొద్ది సబ్బునీటిలో ముంచి పిండిన గుడ్డతో జిడ్డును తుడిచి, మంచినీటి గుడ్డతో సబ్బును తొలగించి ఆరనీయవలెను. తోలుపట్టీ ఉన్నచో విప్పి ప్రక్కన పెట్టవలెను. తరువాత శుద్ధమైన స్పిరిటును గుడ్డకు అద్ది అద్దమును మాత్రము తుడువవలెను, గడియారముపై పోయరాదు. ఇప్పుడు అద్దముపై నోటి ఆవిరి ఊది చూడవలెను. ఆవిరి అంతటను సమముగా పట్టి సమముగా విడిచినచో అద్దము శుభ్రమైనట్లు. ఎక్కడనైన మచ్చ తోచినచో అక్కడ జిడ్డు మిగిలినట్లు. ఈ ఆవిరి మచ్చల రహస్యమును రేలీ ప్రభువు వంటి మహాశాస్త్రజ్ఞుడు 1911లో పరిశీలించెను. మనకు దానిలో ఖర్చులేని పరీక్ష దొరకినది.

ఈ శుద్ధియే పనిలో ప్రధానమైనది. ఏలయన, పూతలోని అణువునకు రెండు చివరలు కలవు. ఒక చివర అద్దమును పట్టుకొనును. రెండవ చివర నీటిని, జిడ్డును త్రోసివేయును. పట్టుకొను చివరకు సిలేన్ అని పేరు. అది గాజు తలముతో రసాయనికముగా ముడిపడును. మధ్యలో జిడ్డు పొర యున్నచో ముడి అద్దముతో పడక జిడ్డుతో పడును. మొదటి తుడుపుతోనే జిడ్డును పూతయు కలిసి పోవును. పూత మందము కొన్ని నానోమీటర్లు మాత్రమే. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. అంత సన్నని పొరకు తన బలము లేదు. అది పట్టుకొన్న తలమే దాని బలము. నీలమణిపై సిలేన్ గాజుపైవలె గట్టిగా పట్టదు. అందుచేత కర్మాగారములలో మొదట సిలికా పొర నొకదానిని వేసి దానిపై ఈ పూత వేయుదురు. ఇంట పూసినది అంతకాలము నిలువకపోవుటకు ఇదియు నొక కారణము.

శుద్ధి ముగిసిన పిదప ద్రవమును ఒకటి రెండు చుక్కలు గుడ్డపై వేసి అద్దమంతటను సమముగా పూయవలెను. కిటికీలు తెరచి, మంటకు దూరముగా ఈ పని చేయుట మంచిది. సీసాపై చెప్పినంతసేపు ఉంచి, పొడిగుడ్డతో మెరుగుపెట్టి, ఒక రాత్రి తడి తగులనీయక ఉంచవలెను. ముడి పూర్తిగా పడుటకు కొంత వ్యవధి కావలెను. మరునాడు ఒక్క నీటిచుక్క వేసి చూచినచో అది గుండ్రని పూసగా నిలుచును. తళుకు తగ్గించు పొర గల అద్దముపై రాపిడి పొడి కలిసిన ద్రవములు ఎన్నడును వాడరాదు. ఆ పొర చెడిన మరల రాదు.

పూత చేయలేని పనులును తెలియవలెను. నీరంటని అద్దము వేరు, నీరు చొరని గడియారము వేరు. గడియారములోనికి నీరు ప్రవేశింపకుండ కాపాడునవి అద్దము చుట్టును, కీ వద్దను, వెనుక మూత వద్దను ఉండు రబ్బరు చుట్లు. అద్దముపై నీరు పూసలు కట్టినదని ధైర్యపడి గడియారముతో చెరువులో దిగినచో నష్టపోవుదుము. అద్దము లోపలివైపు ఆవిరి పట్టినచో అది ఆ రబ్బరు చుట్లు పాతబడినవని హెచ్చరిక కావచ్చును. పూతతో దానిని కప్పిపుచ్చక పనివానికి చూపవలెను. ఈ పూత గీతలను కూడ ఆపజాలదు.

మరియొక మాట. ఫ్లోరిన్, కర్బనముల బంధము దృఢమైనది. అట్టి పదార్థములలో పెక్కింటిని ప్రకృతి సులభముగా కరగించుకొనజాలదు. ఆ కుటుంబమునకు చెందిన కొన్ని హానికర పదార్థములను స్టాక్‌హోం ఒడంబడిక 2009లోను, 2019లోను నియంత్రణ జాబితాలలో చేర్చినది. సీసాలోని పదార్థము అదియే కానక్కరలేదు. ఐనను చుక్కలతో సరిపోవు పనికి చెంచాలు వాడరాదు. మిగిలినదానిని కాలువలో పారబోయరాదు. ఫ్లోరిన్ లేని సిలికోను ద్రవములును కలవు. అవి నీటిని బాగుగనే త్రోసివేయును. జిడ్డు విషయమున కొంత వెనుకబడును. వానకొరకు మాత్రమే కావలసినవారికి అవియే చాలును.

రాపిడికి, చెమటకు, కాలమునకు ఏ పూతయైనను కొంతకాలమునకు అరిగిపోవును. నీటిచుక్క మునుపటివలె పూస కట్టక పరచుకొన నారంభించినప్పుడు మరల శుద్ధిచేసి పూసికొనవచ్చును.

మా తండ్రిగారి గడియారమునకు పనివాడు క్రొత్త యాక్రిలిక్ అద్దము నమర్చి యిచ్చెను. దానిపై మేము ఏ ద్రవమును పూయలేదు. దినమున కొకమారు మెత్తని గుడ్డతో తుడిచి, కీ త్రిప్పి కట్టుకొనుచున్నాము. తనకు తగిన పూత వేయుట ఎంత మంచిదో, తగనిచోట వేయకుండుటయు అంత మంచిదని ఆ గడియారము మాకు దినదినమును జ్ఞప్తి చేయుచున్నది.