మొంబాసాలో రెండు కథలు

కెన్యా అనగానే మనకి సింహాలూ, జీపులే గుర్తొస్తాయి కదూ! నేనూ అదే ఊహతో మొంబాసాలో దిగాను. మోయ్ అవెన్యూలో రోడ్డు మీద పేద్ద ఏనుగు దంతాల తోరణం... అచ్చం సినిమా సెట్టింగే! దగ్గరికెళ్లి తట్టి చూస్తే అల్యూమినియం! నవ్వొచ్చింది.

ఆ నవ్వు ఫోర్ట్ జీసస్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. 1593లో పోర్చుగీసువాళ్లు మొదలెట్టిన కోట ఇది. 1696లో ఒమన్ అరబ్బులు చుట్టుముట్టారు. ఒకరోజా, రెండ్రోజులా? దాదాపు 33 నెలలు! లోపలివాళ్లలో కత్తికన్నా రోగానికే ఎక్కువమంది బలయ్యారు. ఆ పగడపు రాతి గోడ మీద చెయ్యి వేస్తే ఒళ్లు జలదరించింది.

మనసు తేలికపడింది బంబూరిలోని హాలర్ పార్కులోనే. సిమెంటు కోసం తవ్వి వదిలేసిన సున్నపురాయి గనిని అడవిగా మార్చారు. 2004 డిసెంబరులో మన కోస్తాని ఏడిపించిన సునామీ గుర్తుందిగా? ఆ రోజుల్లోనే గుంపుకి దూరమైన ఓవెన్ అనే నీటిగుర్రం పిల్లని ఇక్కడికి తెచ్చారు. అది వచ్చీరాగానే 'మ్జే' అనే ముసలి తాబేలు పక్కన చేరిందట! స్వాహిలీలో మ్జే అంటే పెద్దాయన అని అర్థం. తిండీ, నిద్రా ఇద్దరికీ కలిపే! ఓవెన్ ఎదిగాక, దాని బరువుకి తాతకి ఎక్కడ దెబ్బ తగులుతుందోనని విడదీశారు.

ఒక్క డైలాగు లేకుండా ఇంత సెంటిమెంటు! మన కథారచయితలూ, వింటున్నారా?