చేపపొడి, తవుడు మిల్లులలో ధూళి ప్రమాదము – నివారణ

జాతరలలోను, వీధి భాగవతములలోను రాక్షస వేషము ప్రవేశించునప్పుడు దివిటీ మీద గుగ్గిలపు పొడి చల్లుట మనమందరము చూచినదే. పొడి పడినంతనే నిలువెత్తు మంట భగ్గున లేచును. అదే గుగ్గిలమును గడ్డగా నిప్పులో వేసినచో మెల్లగా కరగి పొగ వచ్చును గాని మంట అట్లు లేవదు. సరకు ఒక్కటే. అయితే గడ్డకు పైభాగమున మాత్రమే గాలి తగులును. పొడిలోని ప్రతి రేణువునకు అన్ని వైపుల గాలి తగులును. అందుచేత అన్నియు ఒక్కసారిగా అంటుకొనును.

రైతు సోదరులారా! మన తవుడు మిల్లులలోను, మిరప, పసుపు ఆడించు మరలలోను, కోళ్ళమేత షెడ్లలోను జరుగగల ప్రమాదమునకు మూలమిదే. విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు వంటి రేవులలో తినుటకు పనికిరాని చిన్న చేపలను ఎండబెట్టి, మేత కొరకు పొడి చేయుదురు. ఆ చేపపొడికిని ఈ గుణము కలదు.

ప్రమాదము ఎట్లు కలుగును?

ఐదు కలిసినప్పుడే ధూళి ప్రేలును: మండు ధూళి, గాలి, నిప్పు, ఆ ధూళి మేఘమువలె పైకి లేచుట, నలువైపుల గోడలు మూసియుండుట. ఇందులో ఏ ఒక్కటి తీసివేసినను ప్రేలుడు ఉండదు. గాలిని తీసివేయలేము. మిగిలినవి చాలవరకు మన చేతిలోనివే.

మొదటి ప్రేలుడు తరచు చిన్నది. మర గొట్టములోనో, ఎలివేటరులోనో జరుగును. ఆ అదురునకు దూలముల మీద, రేకుల మీద ఏండ్ల తరబడి పేరుకొన్న దుమ్ము రాలి షెడ్డంతయు నిండును. రెండవ ప్రేలుడు దానిది. మనుష్యులను చంపునది సాధారణముగా ఈ రెండవదే.

ఇది క్రొత్త సంగతి కాదు. 1785లో ఇటలీలోని ట్యూరిన్ నగరమున ఒక రొట్టెల కొట్టులో పిండి ప్రేలినది. 1878లో అమెరికాలోని మినియాపొలిస్‌లో పిండిమర ప్రేలి 18 మంది మరణించిరి. 2008 ఫిబ్రవరి 7న అదే దేశమున జార్జియా రాష్ట్రములో ఒక చక్కెర కర్మాగారములో 14 మంది ప్రాణములు పోయినవి. అచ్చట పేరుకొన్న చక్కెర ధూళియే వరుస ప్రేలుళ్ళకు కారణమైనది. మనము రోజూ తిను పిండి, పంచదారలే ఇంత పని చేసినవి.

చేపపొడికి మరియొక గుణము

చేప నూనె గాలిలోని ప్రాణవాయువును త్వరగా పీల్చుకొని వేడి పుట్టించును. వేడిగా ఉన్న పొడిని బస్తాలకెత్తి గాలి ఆడకుండ పేర్చినచో, నిప్పు తగులకయే లోపల రాజుకొనును. అందువలననే ఓడలలో చేపపొడిని ప్రమాదకరమైన సరకుగా ఎంచుదురు. వేడిని అణచు మందు కలిపిన పొడినైనను ఓడకెత్తునప్పుడు 35 డిగ్రీల సెల్సియస్, లేదా బయటి గాలి కంటె 5 డిగ్రీలు ఎక్కువ, ఈ రెంటిలో ఏది హెచ్చైన దానిని మించరాదని నియమము. తేమ 5 నుండి 12 శాతము లోపల ఉండవలెను. తేమ మిక్కుటమైనచో బూజుపట్టి వేడెక్కును. మరీ తగ్గినచో దుమ్ము హెచ్చును.

2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో మంటలు లేచి సుమారు 40 మరబోట్లు దెబ్బతిన్నవి. అది ధూళి వలన వచ్చినది కాదు. కాని ఒక పడవ మంట ప్రక్క పడవకు ఎంత వేగముగా ప్రాకునో దాని వలన తెలిసినది. జీవనాధారము ఒక్క రాత్రిలో పోవుట ఎట్టిదో ఆ కుటుంబములకు తెలియును.

కంటికి కనబడని చోట

ఆ మధ్య ఒక కోళ్ళమేత షెడ్డుకు పోయితిని. నేల అద్దమువలె ఉన్నది. యజమాని గర్వముతో చూపినాడు. నిచ్చెన వేయించుకొని ఎక్కి దూలము మీద వ్రేలు పెట్టగా గోరు మునిగినది. మరునాడు ఆ దూలము ప్రక్కనే గొట్టమునకు వెల్డింగు పెట్టించుటకు మనిషిని పిలిచియున్నారు. క్రింద పదిమంది పనిచేయుచున్నారు. వెల్డింగు ఆపించి ముందు దూలములు తుడిపించితిమి. మూడు బస్తాల దుమ్ము వచ్చినది. మిల్లీమీటరు మందము కూడ లేని పొర విస్తారముగా పరచుకొన్నచో చాలును, అది ప్రమాదమే. మరి మూడు బస్తాల సంగతి చెప్పనక్కరలేదు.

పాటించవలసిన జాగ్రత్తలు

1. వారమునకొకసారి దూలములు, రేకులు, మోటార్ల పైభాగము, దీపముల బుడ్లు తుడువవలెను. మర ఆపి, విద్యుత్తు కట్టివేసి తడిగుడ్డతో తుడువుడు. కంప్రెసరు గాలితో ఊదరాదు. పొడి చీపురుతో దులుపరాదు. అట్లు చేయుట మేఘమును మనమే లేపుటయగును.

2. దుమ్ము బయటికి చిమ్ము గొట్టములు, మూతలు వెంటనే బాగుచేయించవలెను.

3. మర నోటివద్ద అయస్కాంతము అమర్చుడు. మేకు, ఇనుపముక్క లోపల పడి నిప్పురవ్వ లేవకుండును.

4. బేరింగులకు కందెన వేయుడు. ఒరయుచున్న బెల్టును సరిచేయుడు. యంత్రములకు ఎర్తు తీగ తప్పక ఉండవలెను.

5. షెడ్డులో బీడీ, చుట్ట, వంటపొయ్యి కూడదు. వెల్డింగునకు ముందు మర ఆపి, చుట్టును శుభ్రముచేసి, తడిపియుంచవలెను. పని ముగిసిన తరువాత కూడ కొంతసేపు కనిపెట్టియుండవలెను.

6. చేపపొడిని చల్లార్చిన పిమ్మటనే బస్తాలకెత్తుడు. వరుసల నడుమ గాలికి దారి విడువుడు. ఇనుప చువ్వ గ్రుచ్చి తీసి తాకిచూచినచో లోపలి వేడి తెలియును.

నిప్పు కనబడినచో

రాజుకొన్న పొడి మీద నీటిధారను జోరుగా కొట్టరాదు. పొడి లేచి ప్రేలవచ్చును. తుంపరగా మెల్లగా చల్లవలెను. మూసియున్న చేపపొడి గిడ్డంగిలో ప్రాణవాయువు తగ్గిపోవును. రాజుకొన్నచో విషవాయువును చేరును. ఒంటరిగా లోపలికి పోరాదు. మనుష్యులను బయటికి పంపి 101కి ఫోను చేయుడు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 37వ సెక్షనులోనే ప్రేలుడు ధూళి గూర్చి నియమములు చేర్చిరి. అయినను చట్టము దూలమెక్కి చూడదు. మిల్లు యజమానులును, తనిఖీకి పోవు గ్రామాధికారులును నేల చూచి తృప్తిపడక, ఒక్కసారి తలయెత్తి చూడవలెను. ఒక నిచ్చెన, ఒక తడిగుడ్డ, వారమునకొక పూట – పదిమంది ప్రాణములకు ఇది పెద్ద ఖర్చు కాదు.