బట్ట అసలు రంగు చూపే వెలుతురు

బట్ట కొనేవాళ్లు చేత్తో తడిమి నేత చూస్తారు, మడత విప్పి అంచూ కొంగూ చూస్తారు, వెలుతురుకు పట్టి రంగు చూస్తారు. ఈ మూడింటిలో రెండు పరీక్షలు షాపులోని లైట్లను బట్టే ఉంటాయి. అందుకే పెద్ద బట్టల షోరూం కట్టేటప్పుడు లైట్ల ప్లానుకు ఎంతో శ్రద్ధ కావాలి.

కర్నూలు జిల్లా పడమటి భాగంలో దీని అవసరం మరీ ఎక్కువ. ఆదోని పత్తి మార్కెట్‌కు పేరున్న ఊరు. ఎమ్మిగనూరు చేనేతకు పేరున్న ఊరు. అక్కడ 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘాన్ని నెలకొల్పారు. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. పత్తి పండించడం నుంచి దుప్పటి, తువ్వాలు, చీర నేయడం దాకా అన్నీ తెలిసిన ప్రాంతమిది. ఇలాంటి చోట షోరూంలో నేత స్పష్టంగా కనబడకపోతే మగ్గం మీద పడిన కష్టం విలువ కొనేవాళ్లకు తెలియకుండా పోతుంది.

రంగు ఎందుకు మారుతుంది

చీర నచ్చాక దాన్ని షాపు గడప దాకా తీసుకెళ్లి పగటి వెలుతురులో మరోసారి చూసుకోవడం తెలుగు ఊళ్లలో పాత అలవాటు. ఆ జాగ్రత్తకు గట్టి కారణం ఉంది. బట్టకున్న అద్దకం తన మీద పడిన వెలుతురులోంచి కొన్ని రంగులను పీల్చుకుని మిగతావి తిప్పి పంపుతుంది. పడే వెలుతురులోనే ఒక రంగు లోపిస్తే అది బట్టలోనూ కనబడదు.

ఎండలో అన్ని రంగులూ ఉంటాయి. తెల్ల ఎల్ఈడీ తయారయ్యే తీరు వేరు. నీలం కాంతినిచ్చే చిప్ మీద పసుపు కాంతినిచ్చే పూత పూస్తారు, రెండూ కలిసి తెల్లగా కనిపిస్తాయి. ఆ నీలం ఎల్ఈడీని కనిపెట్టినందుకే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. చవక రకం ఎల్ఈడీల్లో ముదురు ఎరుపు బాగా తక్కువ. వాటి కింద కుంకుమ రంగు పెళ్లి చీర గోధుమ రంగుకు తిరుగుతుంది, మెరూన్ నల్లబడుతుంది.

లైటు రంగులను ఎంత నమ్మకంగా చూపిస్తుందో చెప్పే కొలత సీఆర్ఐ. దీనికి గరిష్ఠం 100. మామూలు ఎల్ఈడీలకు 80 దాకా ఉంటుంది. బట్టల షాపుకు 90 దాటినవి ఎంచుకోవాలి. ఈ అంకె ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే. ముదురు ఎరుపును ఆర్9 అనే పేరుతో వేరుగా కొలుస్తారు. సీఆర్ఐ 80 ఉన్న లైటులో ఆర్9 సున్నా దగ్గర ఉండటం మామూలే. పట్టుచీరల విభాగానికి లైట్లు కొనేటప్పుడు ఈ రెండు అంకెలూ అడగాలి.

మ్యాచింగ్ జాకెట్టు ముక్క చిక్కు కూడా ఇక్కడిదే. చీరకూ జాకెట్టుకూ వేర్వేరు అద్దకాలు వాడినప్పుడు ఒక లైటు కింద కలిసిన రంగులు మరో లైటు కింద విడిపోతాయి. షాపులో సరిపోయిన జాకెట్టు పెళ్లి పందిట్లో తేడాగా కనబడటానికి కారణం ఇదే. మ్యాచింగ్ కౌంటర్ దగ్గర పగటి వెలుతురు లాంటి లైటు ఒకటి, పసుపు ఛాయ లైటు ఒకటి పెడితే కొనేవాళ్లు రెంటి కిందా చూసుకోగలరు.

తెలుపు, పసుపు ఛాయలు

లైటు ఛాయను కెల్విన్లలో చెబుతారు. 2700 నుంచి 3000 దాకా పసుపు ఛాయ, 4000 దగ్గర మధ్యస్థ తెలుపు, 6500 నీలి తెలుపు. జరీకి, పట్టుకు 3000 దగ్గరి ఛాయ నప్పుతుంది, బంగారు మెరుపు నిండుగా వస్తుంది. నూలు దుప్పట్లకు, చొక్కా గుడ్డలకు 4000 మేలు. తెల్ల పంచెల సంగతి వేరు. మిల్లుల్లో తెలుపు కోసం వాడే రసాయనాలు కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలం కాంతిగా వదులుతాయి. మామూలు ఎల్ఈడీలో ఆ కిరణాలు దాదాపు ఉండవు. అందుకే ఎండలో మల్లెపూవులా ఉన్న పంచె షాపులో కాస్త మాసినట్టు కనిపిస్తుంది.

ఎంత, ఎటు నుంచి

వెలుతురు మోతాదుకు కొలత లక్స్. భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 3646లో షాపులకు సూచించిన మోతాదు సుమారు 300 నుంచి 750 లక్స్. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. ఆదోని ఎండలోంచి లోపలికి అడుగుపెట్టిన మనిషికి మొదట అంతా చీకటిగా తోస్తుంది. ద్వారం దగ్గర పగటిపూట వెలుతురు పెంచి, లోపలికి వెళ్లేకొద్దీ తగ్గించాలి. షో విండోకు కూడా రాత్రికన్నా పగలే ఎక్కువ వెలుతురు కావాలి. లోపల లైటు చాలకపోతే అద్దంలో వీధి కనబడుతుందే తప్ప బొమ్మకు కట్టిన చీర కనబడదు.

షాపంతా ఒకే వెలుతురు పరిస్తే ఏ బట్టా ప్రత్యేకంగా కంటపడదు. ముఖ్యమైన బొమ్మల మీద చుట్టుపక్కల కన్నా మూడు నుంచి ఐదు రెట్లు వెలుతురు వేయాలి. 24 డిగ్రీల కోణమున్న స్పాట్‌లైటు మూడు మీటర్ల దూరంలో సుమారు 1.3 మీటర్ల వెడల్పు వెలుగు వృత్తం వేస్తుంది. ఒక చీర కొంగు చూపించడానికి అది సరిపోతుంది.

వెలుతురు ఎటు నుంచి వస్తోందన్నదీ ముఖ్యమే. నేరుగా ఎదురుగా పడే లైటు నేతను చదును చేసేస్తుంది. పక్క నుంచి ఏటవాలుగా పడితే ప్రతి పోగూ చిన్న నీడ వేస్తుంది. అప్పుడు చేనేత దుప్పటి గరుకు, చారల ఎత్తుపల్లాలు, ఒకే రంగులో నేసిన డిజైను బయటపడతాయి. గద్వాల చీరలో నూలు ఒళ్లు, పట్టు అంచు రెండూ ఉంటాయి. నూలుకు పరుచుకున్న వెలుతురు కావాలి, పట్టుకూ జరీకీ సన్నని లైటు పుంజం కావాలి. ఈ ఒక్క చీరను బాగా చూపగలిగిన ప్లాను మిగతా సరుకంతటికీ పనికొస్తుంది.

ట్రయల్ రూంలో నడినెత్తి మీద ఒక్క లైటే ఉంటే కళ్ల కింద, గడ్డం కింద నీడలు పడి ఏ బట్ట తొడుక్కున్నా మనిషి అలసినట్టు కనిపిస్తాడు. అద్దానికి రెండువైపులా నిలువు లైట్లుంటే ముఖం మీదా బట్ట మీదా వెలుతురు సమంగా పడుతుంది.

వేడి, వెలిసిపోవడం, నిర్వహణ

లైటుకు వెళ్లే కరెంటంతా చివరికి గదిలో వేడిగానే మిగులుతుంది. 50 వాట్ల హాలోజన్ స్పాట్‌లైట్లు వంద ఉన్నచోట 7 వాట్ల ఎల్ఈడీలు పెడితే 4300 వాట్లు ఆదా అవుతాయి. అంత వేడిని ఏసీ బయటికి నెట్టాల్సిన పనీ తప్పుతుంది. రాయలసీమ వేసవిలో ఇది కరెంటు బిల్లులో బాగా తెలుస్తుంది.

వెలుతురు రంగును తింటుంది కూడా. మ్యూజియాల్లో పాత బట్టల మీద సుమారు 50 లక్స్‌కు మించి వేయరు. షాపులో అంతకు పది రెట్లు పడుతుంది కాబట్టి ప్రదర్శనలోని చీరలను తరచూ మార్చాలి. లేదంటే మడత మీద వెలిసిన చార పడి ఆ చీర అమ్మకానికి పనికిరాదు. పసుపు లాంటి సహజ రంగులు ఇంకా త్వరగా వెలిసిపోతాయి. పడమటి ఎండ తగిలే షో విండోకు అతినీలలోహిత కిరణాలను ఆపే ఫిల్మ్ అతికించాలి.

దుమ్ము పట్టిన లైటు వెలుతురు తగ్గిపోతుంది కనుక క్రమం తప్పకుండా తుడవాలి. ఎల్ఈడీ పాతబడేకొద్దీ మసకబారుతుంది, కాబట్టి ఒక వరుసలోని లైట్లన్నీ ఒకేసారి మార్చడం మంచిది. లేదంటే పక్కపక్కనే రెండు ఛాయలు కనబడతాయి. సెల్‌ఫోన్ కెమెరాతో చూసినప్పుడు లైటు కింద నల్లని చారలు కదిలితే దానికి కరెంటు అందించే డ్రైవర్ అనే భాగం నాసిరకమని అనుమానించాలి.

ఆర్డరు ఇచ్చే ముందు నమూనా లైటు ఒకటి తెప్పించుకోవాలి. దాని కింద ఒక ఎర్ర పట్టుచీర, ఒక ముదురు నీలం గుడ్డ, ఒక తెల్ల పంచె పెట్టి చూసి, వాటినే గడప దగ్గర పగటి వెలుతురులో చూడాలి. ఎరుపులో, నీలంలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తే, ధర ఎంత తక్కువైనా ఆ లైటును తిప్పి పంపడమే మంచిది.