కోచ్ వెళ్లిపోతే ద్రోహమేనా? అపోహలు – వాస్తవాలు

ఏదో ఒక జట్టు కోచ్ ఎదుటి జట్టులోకి వెళ్లాడన్న కబురు రాగానే పాల్వంచ టీ కొట్ల దగ్గర తీర్పు వెలువడిపోతుంది. ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం’ అని ఒకరంటే, ‘ఎవరు ఎక్కువిస్తే వాళ్ల పంచన చేరతాడు’ అని మరొకరు అంటారు. పేపర్లో స్కోరు చూసేవాళ్లే తప్ప ఆ కోచ్ ఒప్పందం ఏమిటో, ఎందుకు వెళ్లాడో ఆరా తీసేవాళ్లు తక్కువ.

అమెరికాలో ఈ గొడవ ఏటా నవంబరు, డిసెంబరు నెలల్లో రాష్ట్రాలకు రాష్ట్రాలనే ఊపేస్తుంది. అక్కడి కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక విశ్వవిద్యాలయం తన కోచ్‌ను తీసేసిందంటే చాలు, చుట్టుపక్కల విశ్వవిద్యాలయాల అభిమానులకు నిద్ర ఉండదు. మన కోచ్‌కు గాలం వేస్తారేమో, ఆయన ఉంటాడో పోతాడో అన్న బెంగ. చదువుల కోసం టెక్సస్‌కు వెళ్లిన మన పిల్లలు కూడా రెండో ఏడాదికల్లా ఈ చర్చల్లో తలదూరుస్తారు. మన దగ్గర కాలేజీ కోచ్‌ల కోసం కోట్లు కుమ్మరించే పద్ధతి లేదు. అయినా హైదరాబాద్ ఫుట్‌బాల్‌లోనూ, గచ్చిబౌలి బ్యాడ్మింటన్ కోర్టుల్లోనూ ఇదే కథ చాలాసార్లు నడిచింది. ఆ అనుభవాలను ముందు పెట్టుకుని చూస్తే, కోచ్ విధేయత గురించి జనంలో పాతుకుపోయిన నమ్మకాల్లో నిలబడేవి కొన్నే.

అపోహ: కోచ్‌లు మారేది డబ్బు కోసమే.

వాస్తవం: డబ్బు పాత్ర ఉంది, కాదనలేం. కానీ మన దగ్గర జరిగిన పెద్ద వీడ్కోళ్లలో అదొక్కటే కారణమని చెప్పడం కష్టం. 2019 ఆగస్టు 25న బాసెల్‌లో పి.వి. సింధు బ్యాడ్మింటన్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. ఆ విజయంలో పెద్ద చెయ్యి ఉన్న దక్షిణ కొరియా కోచ్ కిమ్ జీ హ్యూన్ నెల తిరగకుండానే రాజీనామా చేశారు. ఎదుటి దేశం ఎగరేసుకుపోయిందనే ఊహాగానాలకు అక్కడ తావే లేదు. న్యూజిలాండ్‌లో భర్త ఆరోగ్యం దెబ్బతింది, ఆమె ఆయన దగ్గరకు వెళ్లారు.

ఆల్బర్ట్ రోకా కథ ఇంకో రకం. 2020 జనవరిలో, ఇండియన్ సూపర్ లీగ్‌లో అట్టడుగున ఉన్న హైదరాబాద్ ఎఫ్‌సీ ఆయనను తెచ్చుకుంది. అప్పటికే బెంగళూరు ఎఫ్‌సీతో పేరు తెచ్చుకున్న స్పెయిన్ కోచ్ ఆయన. జట్టును కొత్తగా కట్టే పని ఆయన చేతిలో పెట్టారు. కొత్త సీజన్ మొదలవకముందే, ఆ ఆగస్టులో, బార్సిలోనా నుంచి పిలుపొచ్చింది. ఒకప్పుడు ఫ్రాంక్ రైకార్డ్ కింద తాను పనిచేసిన క్లబ్, పుట్టిన ప్రాంతం. హెడ్ కోచ్ హోదా వదులుకుని అక్కడ ఫిట్‌నెస్ కోచ్‌గా చేరారు. హోదా తగ్గినా వెళ్లిన మనిషిని ‘ఎక్కువిచ్చేవాడి పంచన చేరాడు’ అనడం అన్యాయం. హైదరాబాద్ క్లబ్ కూడా రచ్చ చేయకుండా పరస్పర అంగీకారంతో పంపించింది.

అపోహ: సంతకం పెట్టాడంటే గడువు దాకా కట్టుబడ్డట్టే.

వాస్తవం: వృత్తి క్రీడల్లో ఒప్పందం ఎన్నేళ్లు ఉండాలో చెప్పినంత వివరంగా, ఎంత చెల్లించి విడిపోవచ్చో కూడా చెబుతుంది. కోచ్ ముందే వెళ్లాలంటే ఆయనో, ఆయనను తీసుకునే సంస్థో పరిహారం కట్టాలి. యాజమాన్యం ముందే తీసేస్తే మిగిలిన జీతం మొత్తమో, కొంత భాగమో అదే కట్టాలి. అంటే రెండు వైపులా తలుపు తెరిచే ఉంటుంది, దాటడానికి ధర ఉంటుంది.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్ ఉదంతంలో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2017 డిసెంబరులో ఆయన ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయాన్ని వదిలి టెక్సస్ ఏ అండ్ ఎంకు వెళ్లారు. పదేళ్ల ఒప్పందం, 7.5 కోట్ల డాలర్లు. ఫ్లోరిడా స్టేట్ అభిమానులు ద్రోహి అన్నారు. తర్వాత ఆ ఒప్పందాన్ని ఇంకా పొడిగించారు. తీరా 2023 నవంబరులో, సీజన్ ముగియకముందే, టెక్సస్ ఏ అండ్ ఎం ఆయనను తీసేసింది. దాదాపు 7.6 కోట్ల డాలర్లు, మన లెక్కలో 600 కోట్ల రూపాయలకు పైనే, ఇచ్చుకోవాల్సి వచ్చింది. మాట తప్పింది ఎవరని అడిగితే జవాబు ఒక్క పేరుతో సరిపోదు.

అపోహ: ‘నేను వెళ్లడం లేదు’ అన్నాక వెళ్తే అబద్ధాలకోరే.

వాస్తవం: దీనికి జనం చూపించే సాక్ష్యం అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ నిక్ సేబన్. 2006 డిసెంబరులో వృత్తి జట్టు మయామీ డాల్ఫిన్స్ కోచ్‌గా ఉండగా, తాను అలబామా విశ్వవిద్యాలయానికి వెళ్లబోనని విలేకరుల ముందు తెగేసి చెప్పారు. 2007 జనవరి మొదటి వారంలోనే అలబామా కోచ్ అయ్యారు. ఆ మాట తప్పే. దాన్ని వెనకేసుకు రావడానికి ఏమీ లేదు.

అయితే సీజన్ నడుస్తుండగా అడిగే ఆ ప్రశ్నకు కోచ్ దగ్గర మంచి జవాబంటూ ఉండదు. ‘ఆలోచిస్తున్నా’ అంటే మరుసటి రోజు ప్రాక్టీసులో ఆటగాళ్ల మనసు చెదురుతుంది, వచ్చే ఏడాది చేరదామనుకున్న కుర్రాళ్లు వెనక్కి తగ్గుతారు. మౌనంగా ఉంటే అదే పుకారవుతుంది. అందుకే ఇలాంటి ఖండనలను వాగ్దానాలుగా పట్టుకోవడం అభిమానులకే నష్టం. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మాట తప్పి వెళ్లిన సేబన్ అలబామాలో 17 సీజన్లు ఉన్నారు, ఆరు జాతీయ టైటిళ్లు గెలిపించారు, 2024 జనవరిలో అక్కడే రిటైరయ్యారు. మయామీ వాళ్ల దృష్టిలో విశ్వాసం లేని మనిషే అలబామాలో విశ్వాసానికి గుర్తు.

కోచ్ పోతే జట్టు కూలిపోతుందన్న భయం వీటన్నిటికీ మూలం. హైదరాబాద్ అనుభవం దీన్ని రెండు వైపుల నుంచీ పరీక్షించింది.

రోకా వెళ్లిపోయాక, 2020 ఆగస్టు చివర్లో మనోలో మార్కెజ్ వచ్చారు. అంతకు ముందు సీజన్లో 18 మ్యాచ్‌లాడి 10 పాయింట్లతో చిట్టచివర నిలిచిన జట్టు అది. ఆకాశ్ మిశ్రా లాంటి కుర్రాళ్లను నమ్మి ఆడించారు. తొలి ఏడాదే ఐదో స్థానం. రెండో ఏడాది, 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో, కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. ఒక గోలు వెనకబడి, 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన షాట్‌తో సమం చేశారు. పెనాల్టీ షూటౌట్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపాడు. 3–1తో కప్పు హైదరాబాద్ క్లబ్‌ది. రోకా ఉండిపోయి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు కానీ, ఒక కోచ్ వెళ్లిపోవడం వల్లే ఇంకొకరికి ఆ చోటు దొరికింది.

మూడో ఏడాది మనోలో జట్టు లీగ్ దశలో రెండో స్థానంలో నిలిచింది. 2023లో ఆయన ప్రత్యర్థి ఎఫ్‌సీ గోవాకు మారారు. మరుసటి సీజన్లో హైదరాబాద్ 22 మ్యాచ్‌లలో ఒక్కటి గెలిచింది, 8 పాయింట్లతో అట్టడుగుకు వెళ్లింది. పైపైన చూస్తే కోచ్ పోయినందుకే కూలిందనిపిస్తుంది. దగ్గరకెళ్లి చూస్తే వేరే కథ. జీతాల బకాయిలతో విదేశీ ఆటగాళ్లలో చాలామంది వెళ్లిపోయారు, కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది, కొత్త కోచ్ కానర్ నెస్టర్ కూడా మధ్యలో వెళ్లిపోయారు. పునాది కదిలిన ఇంట్లో ఒక్క దూలాన్ని నిందించి ఏం లాభం?

అమెరికాలో మొన్నటి ఉదాహరణ ఇంకా సూటిగా ఉంది. 2025 నవంబరు 30న కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ లేన్ కిఫిన్ ఓల్ మిస్ విశ్వవిద్యాలయ జట్టును వదిలి, పక్క రాష్ట్రంలోని ప్రత్యర్థి ఎల్‌ఎస్‌యూకు వెళ్లారు. అప్పటికి ఓల్ మిస్ 12 మ్యాచ్‌లలో 11 గెలిచి ప్లేఆఫ్ గుమ్మంలో ఉంది. ప్లేఆఫ్ దాకా తానే నడిపిస్తానన్నా యాజమాన్యం ఒప్పుకోలేదు. పీట్ గోల్డింగ్‌కు పగ్గాలిచ్చింది. కోచ్ వెళ్లిపోయినా జట్టు ప్లేఆఫ్ తొలి మ్యాచ్‌లో టులేన్ మీద 41–10తో గెలిచింది.

అపోహ: పాత రోజుల్లో కోచ్‌లు ఒకే జట్టును పట్టుకుని ఉండేవారు.

వాస్తవం: ఈ మాట వచ్చినప్పుడు హైదరాబాదీలు చెప్పేది సయ్యద్ అబ్దుల్ రహీం పేరే, చెప్పాల్సిందే. ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా పనిచేసిన రహీం సాబ్ 1950 నుంచి 1963లో కన్నుమూసే దాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దారు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఆ జట్టుదే. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన చలవే. జకార్తాలో 1962 ఫైనల్ నాటికి క్యాన్సర్ ఆయనను తినేస్తోంది. అంతటి నిబద్ధత ముందు తల వంచాలి.

కానీ ఆయన పక్కనే ఇంకో హైదరాబాదీ ఉన్నారు, సయ్యద్ నయీముద్దీన్. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు కెప్టెన్. కోల్‌కతాలో బద్ధశత్రువులైన ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ రెండింటికీ ఆటగాడిగా ఆడారు, కోచ్‌గానూ పనిచేశారు. 1990లో ఈస్ట్ బెంగాల్ ఒకే ఏడాది మూడు పెద్ద ట్రోఫీలు కొట్టింది ఆయన చేతుల మీదుగానే. తర్వాత బంగ్లాదేశ్ జాతీయ జట్టుకూ శిక్షణ ఇచ్చారు. దేశం ఆయనకు అర్జున, ద్రోణాచార్య రెండూ ఇచ్చింది. గట్టు మారారని ఎవరూ ఆ అవార్డులు వెనక్కి అడగలేదు. రహీం సాబ్ ఒక్క ఊళ్లో ఉండి చేసిన మేలు, నయీం సాబ్ ఊళ్లు తిరిగి చేసిన మేలు, రెండూ హైదరాబాద్ ఫుట్‌బాల్ ఆస్తులే.

అపోహ: ప్రత్యర్థికి నేర్పడమంటే మన గుట్టు అప్పగించడమే.

వాస్తవం: అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డిని, ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టిని జోడీ కట్టించింది మలేసియా బ్యాడ్మింటన్ కోచ్ టాన్ కిమ్ హెర్. ఇద్దరూ వెనక నుంచి స్మాష్‌లు కొట్టే రకమే కావడంతో అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. 2019లో టాన్ ఒప్పందం ముగియకముందే భారత్‌ను వదిలి, ఆ తర్వాత జపాన్ శిక్షణ బృందంలో చేరారు. సాత్విక్ బలహీనతలు ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? అయినా 2022 ఆగస్టులో టోక్యోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్స్ క్వార్టర్ ఫైనల్లో, అప్పటి ప్రపంచ చాంపియన్లు, జపాన్ జోడీ హోకి – కొబయాషిని సాత్విక్, చిరాగ్ వాళ్ల గడ్డ మీదే ఓడించారు. పురుషుల డబుల్స్‌లో భారత్‌కు తొలి ప్రపంచ పతకం అలా వచ్చింది. 2025లో టాన్ మళ్లీ మన జట్టుకు వచ్చారు, ఆ ఇద్దరి పక్కనే కూర్చున్నారు. వెళ్లేటప్పుడు తలుపు మూసేసి ఉంటే ఇది సాధ్యమయ్యేదా?

ఆటగాళ్ల విషయంలోనూ ఇదే చూశాం. 2014లో సైనా నెహ్వాల్ కోచ్ గోపీచంద్‌ను వదిలి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరకు వెళ్లింది. మరుసటి ఏడాదే ప్రపంచ నంబర్ వన్ అయింది. 2017లో మళ్లీ గోపీచంద్ దగ్గరకే వచ్చింది, ఆయన చేర్చుకున్నారు.

కబడ్డీ ఆడే ఊళ్లవాళ్లకు గుర్తుండే సంగతి ఇంకొకటి ఉంది. 2018 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో భారత మహిళలను 27–24తో ఓడించిన ఇరాన్ జట్టుకు కోచ్ నాసిక్‌కు చెందిన శైలజా జైన్. ఆ ఓటమి మనకు బాధ కలిగించింది నిజమే. ఆట ఇతర దేశాల్లో వేళ్లూనుకుంటోందనడానికి అదే రుజువు కూడా.

ఇక చివరి అపోహ అన్నిటికంటే బరువైనది: విధేయత కోచ్ ఒక్కడి బాధ్యత అన్నది. హైదరాబాద్ ఎఫ్‌సీలో అందరూ వెళ్లిపోయిన రోజుల్లో మిగిలినవారు కోచ్ థాంగ్‌బోయ్ సింగ్తో. మణిపూర్ మనిషి. విదేశీయులు దాదాపు లేని జట్టును, కుర్రాళ్లను పోగేసుకుని, ఓడిన ప్రతి మ్యాచ్ తర్వాతా మళ్లీ నిలబెట్టారు. 2024 డిసెంబరులో ఫలితాలు బాగాలేక ఆయనా క్లబ్‌ను వీడాల్సి వచ్చింది. ఆ తర్వాత ఏడాది తిరగకుండానే క్లబ్బే ఊరు మారింది. 2019లో పుణె క్లబ్ మూతపడితే హైదరాబాద్‌లో వెలసిన జట్టు, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. మనోలో గోవాకు వెళ్లినప్పుడు బాధపడిన అభిమానులు క్లబ్ వెళ్లిపోయినప్పుడు ఎవరిని నిలదీయాలి?

ఇది పాల్వంచకు దూరపు సంగతి కాదు. ఇక్కడ కోచ్ అంటే పిల్లలకు పీఈటీ సారో, కిన్నెరసాని గిరిజన క్రీడా పాఠశాల లాంటి చోట పొద్దున్నే విజిల్ పట్టుకుని నిలబడే మనిషో. ప్రభుత్వ క్రీడా వ్యవస్థలో చాలామంది కోచ్‌లు కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలోనే పనిచేస్తున్నారు. ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూసే మనిషికి హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు అకాడమీ నుంచి పిలుపొస్తే, వెళ్లొద్దని చెప్పే హక్కు ఊరికి ఎంతవరకు ఉంటుంది? ఆయన వెళ్తే నష్టపోయేది మాత్రం కోయ గూడేల నుంచి వచ్చిన పిల్లలు. రెండేళ్లు పరుగు నేర్చుకున్న పిల్ల టైమింగులు, గాయాల వివరాలు ఆ సార్ నోటు పుస్తకంతోపాటే వెళ్లిపోతాయి. వచ్చేవాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

కాబట్టి మీ పిల్లల కోచ్ వెళ్లిపోతున్నారని తెలిస్తే ఆయనను తిట్టడానికి పోకండి. కొత్తగూడెం – పాల్వంచ దారిలో ఉన్న కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి వెళ్లండి. ఆ పోస్టు ఎందుకు రెగ్యులర్ చేయలేదో, జీతం నెలనెలా ఎందుకు అందడం లేదో, పిల్లల శిక్షణ రికార్డులు బడిలోనే ఉండే ఏర్పాటు ఎప్పుడు చేస్తారో రాతపూర్వకంగా అడగండి. రసీదు తీసుకోవడం మరవకండి.