పోరుచేప రెక్క చివికినపుడు

ఒక స్నేహితుని యింటికి పోయినపుడు రేడియో బల్లమీద గాజుసీసాలో నీలిరంగు చేప యొకటి కనబడెను. బజారులో ఫైటరు చేప యని అమ్మునది అదియే. శాస్త్రజ్ఞులు దానిని బెట్టా స్ప్లెండెన్స్ అందురు. “తెచ్చి నెల దాటినదండీ. తిండి తినుచున్నది, తిరుగుచున్నది. తోక మాత్రము చివికిపోవుచున్నది. మందేమైన నున్నదా?” అని ఆ యిల్లాలు అడిగినది. సీసాలో నీరు రెండు లీటర్లకు మించదు. మందు మాట అటుంచి, ముందు ఆ నీటిని గూర్చి మాటాడవలసి వచ్చెను.

ఈ చేప పుట్టినిల్లు థాయిలాండు మధ్యభాగమున నున్న వరిచేలు, చిత్తడినేలలు. అచ్చటివారు దానిని ప్లాకట్ అందురు. కఱచు చేప యని అర్థము. ఇప్పటి శాస్త్రనామమును 1910లో చార్లెస్ టేట్ రీగన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పెట్టెను. 2019లో థాయి ప్రభుత్వము దీనిని తమ జాతీయ జలచరముగ ప్రకటించినది. చేలలోని చేపకు రెక్కలు పొట్టివి. మన మెఱిగిన పైటకొంగువంటి తోక, పెంపకందారులు తరతరములుగ ఏరి పెంచగా వచ్చినది. ఆ యందమును మోయుట చేపకు బరువే. చిరుగుట కదియు నొక కారణము.

ఈ జాతికి మొప్పల పైభాగమున మడతలు మడతలుగ నుండు ఒక అవయవము కలదు. చేప నీటిపైకి వచ్చి, దానితో గాలిని నేరుగ పీల్చుకొనును. అందుచే ప్రాణవాయువు చాలని నీటిలో ఇతరములైన చేపలు చచ్చుచోట ఇది బ్రతికియుండును. ఈ గుణమే దానికి శత్రువైనది. “సీసాలోనైనను బ్రతుకును” అను మాట అమ్మువారినుండి కొనువారికి అంటుకొన్నది. గాలి పీల్చగలిగినంత మాత్రమున విషమును భరింపగలుగునా? చేప మొప్పలనుండి వెలువడు అమ్మోనియా, తినక విడిచిన మేత కుళ్లగా పుట్టు అమ్మోనియా, చిన్న సీసాలో త్వరగ పేరుకొనును. చేప నోరు తెఱచి రొప్పదు గనుక మనకు తెలియదు. పలుమారు తొలి సాక్ష్యము చెప్పునది రెక్కయే.

కాని చిరిగిన రెక్క యెల్ల కుళ్లిన రెక్క కాదు. సీసాకు ప్రక్కగ దీపము పట్టి అంచును నిదానముగ చూడవలెను. ఈనె వెంబడి శుభ్రముగ చీలి, రంగు మారక, మఱునాటికి పెరుగక యున్నచో అది గీసుకొని చిరిగినది. ప్లాస్టిక్కు మొక్కలు, గరుకు రాళ్లు దీనికి కారణములు. పాత పట్టుచీర ముక్కతో ఆ వస్తువులను తడిమి చూడుడు. పోగు తగులుకొన్నచోట రెక్కయు తగులుకొనును. రాత్రికి రాత్రి తోకనుండి అర్ధచంద్రాకారముగ ముక్క యెగిరిపోయినచో, ఒంటరి చేపయైనను ఆశ్చర్యపడ నక్కఱలేదు. తన తోకను తానే కొఱుకుకొన్నది. పెద్ద తోకల రకములలో ఈ యలవాటు తఱచు. పిల్లలు వినోదమునకై మాటిమాటికి అద్దము చూపి దానిని రెచ్చగొట్టుచున్నచో మాన్పింపవలెను.

కుళ్లు వేరు. అంచు నలుపుగనో ఎఱుపుగనో మారి, లేదా తెల్లబారి, మెత్తబడి, దినదినము ఒంటివైపునకు జరుగుచు వచ్చును. ఏరోమోనాస్, సూడోమోనాస్ మొదలగు సూక్ష్మజీవులు దీనికి కారకములు. అవి బయటినుండి దండెత్తి వచ్చినవి కావు. సాధారణముగ నీటిలో ఉండునవియే. చేప ఒడలు బలహీనమైనపుడు వానికి సందు దొరకును. ఇక్కడ నొక హెచ్చరిక: కొన్ని చేపలకు పుట్టుకతోనే నల్లని అంచుండును. కిరీటపు తోక రకమునకు ఈనెలు ముండ్లవలె వెలికి పొడుచుకొని యుండుటయే సహజము. దానిని రోగమని మందు పోసినవారిని నేనెఱుగుదును.

చికిత్స నీటితో ఆరంభము. అమ్మోనియాను, నైట్రైటును కొలుచు పరీక్షసామగ్రి అలంకారపు చేపల అంగళ్లలో దొరకును. రెండును సున్న ఉండవలెను. లేనిచో దినమునకు మూడవవంతు నీరు మార్చుడు. క్రొత్త నీరు పాత నీటియంత వెచ్చగ నుండవలెను. కుళాయినీటిలోని క్లోరిను పోవుటకు ఒక దినము తెఱచి యుంచుట మేలు. క్లోరమైను కలిపిన నీటికి అది చాలదు, అంగడిలో దొరకు విరుగుడు వాడవలెను. నీటి వేడి 25 నుండి 28 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ నిలుపుడు. అసలు ఆ చేపకు కనీసము 10 లీటర్లు, వీలైన 20 లీటర్ల తొట్టి కావలెను. తొట్టిని రేడియోమీద పెట్టకుడు. చేపకు అదురు, మీకు విద్యుత్తు, రెండును ప్రమాదమే.

చిరిగిన రెక్కకు ఇంతకు మించి పని లేదు. కుళ్లు కొద్దిగ నున్నపుడు ఉప్పు ఉపకరించును. ఏమియు కలపని ఉప్పును నాలుగు లీటర్లకు సుమారు 5 గ్రాములు చొప్పున వేఱుగ కరిగించి, ఒక దినములో కొంచెము కొంచెముగ పోయవలెను. నీరు మార్చునపుడు, తీసిన నీటికి సరిపడు ఉప్పు మాత్రమే మరల వేయుడు. పది దినములకు మించి వలదు. నీటిమొక్కలున్న తొట్టిలో అసలే వలదు. మన వీధులలో నీడకై పెంచు నాటుబాదము చెట్టు ఎండుటాకును కడిగి వేయుట కొందఱి యలవాటు. నీరు తేనీటి రంగు తిరుగును, చేప కుదుటపడును. దానిని మందుగ నమ్మి నీటిని మఱువరాదు.

కొన్ని యేండ్ల క్రిందట నేనే పొరపడితిని. తోక కుళ్లిన చేపకు ఒకే పూటలో నీరంతయు కుళాయినుండి మార్చి, ఉప్పు వేసి, అంగడివాడిచ్చిన నీలిమందును పోసితిని. తెల్లవారునప్పటికి అది చచ్చియుండెను. చాలకాలము రోగమునే నిందించితిని.

వీపుమీద బూడిదరంగు జీనువలె మచ్చ పడినను, నోటియొద్ద దూదివంటి తెట్టె కనబడినను మాట వేఱు. కాలమ్నారిస్ అను ఆ తెగులు ఒకటి రెండు దినములలో ప్రాణము తీయగలదు. వేడి నీటిలో అది మఱింత విజృంభించును గనుక నీటిని కాచరాదు. కుళ్లు ఒంటిని తాకినను, ఈ మచ్చ పడినను, చేపల నెఱిగిన పశువైద్యుని అడిగి సూక్ష్మజీవి నాశకమును వాడవలెను. ఎవరో వాడి మిగిల్చిన మాత్రను పొడిచేసి వేయుట, తొట్టిలో అమ్మోనియాను హరించు మంచి సూక్ష్మజీవులను గూడ చంపుకొనుటయే.

మానుచున్నదని తెలియుటకు నాలుగు దినముల కొకసారి ఛాయాచిత్రము తీసి పోల్చి చూడుడు. అంచున గాజువలె తెల్లని పల్చని పొర కనబడిన అది కుళ్లు కాదు, క్రొత్త రెక్క. మొదట రంగుండదు, వారములు గడచిన పిమ్మట రంగెక్కును. మొదలంట పోయిన రెక్క మాత్రము తిరిగి రాకపోవచ్చును.

ఆ స్నేహితుని యింట చేప ఇప్పుడు కిటికీకి దూరముగ 20 లీటర్ల తొట్టిలో నున్నది. ఆరు వారములకు తోక వచ్చినది. పూర్వపు నీలము కాదు, అంచున సన్నని ఎఱ్ఱజీర కలిసినది. ఇది మా చేపయేనా యని పిల్లవాడు ఇంకను అడుగుచున్నాడట.